దొడ్డి తలుపుకు తాళము వేయరాదు

గురజాల,
4–3–1946

నరసరావుపేట "నాగులేరు" వారపత్రిక మేనేజరు గారికి, గురజాల మిషన్ బడి టీచరు రాహేలు వందనములు.

మీకూ నాకూ ముఖపరిచయం లేదు. మా వీధి చివర దర్జీ అబ్దుల్ మజీద్ మీ పత్రిక తెప్పిస్తాడు. శుక్రవారం సాయంత్రం కుట్టుపని ఆపి, అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతాడు. చదువు రానివాళ్ళంతా అక్కడే చేరతారు. వార్తలకంటె ప్రకటనలకే జనం ఎక్కువ. అందుకే మీకు రాస్తున్నాను.

నన్ను వినుకొండ ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా వేశారు. జూన్ నాటికి అక్కడ ఉండాలి. ఇక్కడి మా ఇల్లు అమ్మదలిచాను. పెట్టెడు పుస్తకాలు తప్ప వెంట తీసుకుపోయేదేమీ లేదు. నా బెంగల్లా దొడ్లో బావి గురించే. ఈ వీధిలో ఏ బావి తవ్వినా ఉప్పునీళ్ళే. మా నాయన పున్నయ్య తవ్విన బావిలో మాత్రం తియ్యటి ఊట పడింది. ఊరి బావి దగ్గరికి మమ్మల్ని రానివ్వని రోజుల్లో ఆయన మా కోసం తవ్వుకున్నాడు. నీళ్ళు పడ్డాక వీధంతా వచ్చింది. మొదట్లో చీకటితో వచ్చి తోడుకుపోయినవాళ్ళు, పోనుపోను తెల్లవారాకే రావడం మొదలుపెట్టారు. ఎవరి బొక్కెన వారిదే, గిలక మాత్రం ఒక్కటే.

పక్కింటి మిరపకాయల వ్యాపారి మస్తాన్‌రావు కొంటానంటున్నాడు. బస్తాలు పెట్టుకుని దొడ్డి తలుపుకు తాళం వేస్తాడట. అది నాకు ఇష్టం లేదు. ఈ కింది విధంగా వేయగలరు:

"గురజాలలో మూడు గదుల మిద్దె ఇల్లు అమ్మబడును. నేల నాపరాళ్ళు. వంటింటి ఈశాన్య మూల వానకు కారును, కింద గిన్నె పెట్టిన చాలును. ఎండాకాలమందు తేళ్ళు వచ్చును, చెప్పులు దులిపి తొడుగుకొనవలెను. దొడ్లో మంచినీళ్ళ బావి కలదు. వీధివారందరు తోడుకొందురు. కొన్నవారు దొడ్డి తలుపుకు తాళము వేయరాదు. వివరములకు రాహేలు టీచరు."

ఇట్లు,
కె. రాహేలు

తా.క.: తేళ్ళు పెద్దవేమీ కావు. ఆ మాట కూడా వేస్తే మంచిదేమో మీరే ఆలోచించండి.

•

నరసరావుపేట,
7–3–1946

మాన్యురాలైన రాహేలు టీచరు గారి సముఖమునకు, "నాగులేరు" మేనేజరు త్రికోటేశ్వరరావు నమస్కరించి వ్రాయు విన్నపము.

మీ ఉత్తరం చేరింది. అమ్మా, మీరు పంపింది ప్రకటన కాదు, వాంగ్మూలం. కోర్టులో సాక్షికి పనికొస్తుంది గాని కొనేవాణ్ణి ఇంటిదాకా నడిపించదు. పన్నెండేళ్ళుగా ఇళ్ళ ప్రకటనలు రాస్తున్నాను. నేను నేర్చుకున్నది ఒక్కటే: మంచి సంగతి మనం చెప్పాలి, గోడ మీద పగులు సంగతి గోడే చెప్పుకుంటుంది.

పైగా కాగితం కరువు. యుద్ధం అయిపోయినా మా కోటా పెరగలేదు. తేళ్ళకు ఇచ్చేంత జాగా మా దగ్గర లేదు. కనుక ఈ విధంగా సవరించాను:

"గృహ విక్రయము. గురజాలలో సకల సౌకర్యములతో విరాజిల్లు దివ్యభవనము. స్వంత మంచినీళ్ళ బావి. గాలి వెలుతురు పుష్కలము. సజ్జనుల ఇరుగుపొరుగు. ఉత్తమ కుటుంబీకులకు అనుకూలము. కొనదలచిన పెద్దమనుషులు స్వయముగా విచారించవలెను: ఆర్. టీచరు గారు, బస్సు స్టాండు వెనుక వీధి."

ఈ వారం ఒక ఆముదం కంపెనీవారు తమ ప్రకటన మానుకోవడంతో జాగా దొరికింది. మీ జవాబు కోసం ఆగితే అది పోతుందని ఇప్పుడే అచ్చుకు ఇచ్చేశాను. అభినందనలు తర్వాత తెలియజేయవచ్చు.

ఇట్లు విధేయుడు,
త్రికోటేశ్వరరావు

తా.క.: పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో, మా పిల్ల గురక పెడుతుందని తండ్రే చెబుతాడా అండీ?

•

గురజాల,
19–3–1946

మేనేజరు త్రికోటేశ్వరరావు గారికి, రాహేలు వ్రాయునది.

మీ ప్రకటన మజీద్ చదివాడు. విన్నాను. అంత గొప్ప భవనం మా ఊళ్ళో ఎక్కడుందో కనుక్కుని నేనే కొనుక్కుందామా అనిపించింది. చివర బస్సు స్టాండు వెనుక వీధి అనేసరికి అందరూ నా వంక చూశారు. గాలి వెలుతురు పుష్కలమని రాశారు. వంటింటి కిటికీ రెక్క ఊడిపోయిన సంగతి మీదాకా ఎలా వచ్చిందో తెలియలేదు.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. మొన్న ఆదివారం రాజుపాలెం నుంచి ఒక పెద్దాయన, కొడుకు, కోడలు రైలు దిగి బండి కట్టించుకుని వచ్చారు. బండి మా ఇంటి ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ పోయింది. చివరికి ఆయనే దిగి, "అమ్మాయ్, ఈడ దివ్యభవనం ఏడుందమ్మా?" అని అడిగాడు. ఇదే బాబూ, లోపలికి రండి అన్నాను. ఊరికే తిప్పావని బండివాణ్ణి కసురుకుని, లోపలికి వచ్చాడు. ఎండన పడి వచ్చారని మంచినీళ్ళు ఇచ్చాను. "అబ్బ, కొబ్బరినీళ్ళే. ఈ పలనాట్లో ఇట్టాంటి నీళ్ళు చానా అరుదు" అని మెచ్చుకున్నాడు. కోడలు రెండో గ్లాసు అడిగింది.

అప్పుడు, "ఆర్. అంటే ఏందమ్మా మీ పేరు? ఏ గోత్రం?" అన్నాడు. రాహేలు అన్నాను. పున్నయ్య గారి కూతుర్ని, మా నాయన తవ్విన బావే అన్నాను. ఆయన గ్లాసు వంక చూశాడు. బల్ల మీద పెట్టబోయినవాడు ఆగి, వంగి నేల మీద పెట్టాడు. బండి ఎక్కబోతూ, "తాగేశాం గదరా" అన్నాడు కొడుకుతో మెల్లిగా. మీ బండి ఎద్దులు కూడా తాగాయి బాబూ, వాటికేమీ కాలేదు అన్నాను. కోడలు మాత్రం చేతిలో గ్లాసు ఖాళీ చేశాకే లేచింది.

ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. ఆ గ్లాసు కడిగిందే కడిగాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు. ఉత్తమ కుటుంబీకులను పిలిచింది మీరు. నా పేరు దాచింది మీరు. నేల మీద గ్లాసు ఎత్తుకున్నది నేను.

రాహేలు

తా.క.: మస్తాన్‌రావు భార్య నాగేంద్రమ్మ వచ్చి మీ ప్రకటన మళ్ళీ చదివించుకుంది. విని, "పెద్దమనుషులంటే మగోళ్ళేగా టీచరమ్మా?" అని అడిగింది. ఏం ప్రశ్నో. మొగుడు పంపి ఉంటాడు, ఇంకెవరైనా కొంటున్నారేమో కనుక్కు రమ్మని.

•

నరసరావుపేట,
23–3–1946

గౌరవనీయులైన రాహేలు టీచరు గారికి, త్రికోటేశ్వరరావు నమస్కారములు.

మీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సయించలేదు. అయినా నా వైపు మాట కూడా వినాలి.

పేరు దాచింది మీ మేలు కోరే. పేరు చూసి ఆగిపోయేవాడు నీళ్ళు తాగాకైనా ఇల్లు చూస్తాడు కదా అనుకున్నాను. మీరు చెప్పింది విన్నాక నా లెక్క తప్పని ఒప్పుకుంటున్నాను. కాని తప్పు దాచడంలో లేదు. మా పత్రికలో ఇళ్ళ ప్రకటన చివర "ఫలానావారికి మాత్రమే" అని ఒక ముక్క వేయడం ఆనవాయితీ. మీకు ఆ ముక్క వేయలేదు, అదే నా పొరపాటు. అది చేను చుట్టూ ముళ్ళకంప లాంటిది. వచ్చేవాణ్ణి దూరంగానే ఆపేస్తుంది. వాడికి రైలు ఖర్చు ఉండదు, మీకు గ్లాసు కడిగే బాధ ఉండదు. కనుక ఈసారి "క్రైస్తవ కుటుంబములకు మాత్రమే" అని వేద్దాం. ఎవరి మనసూ నొచ్చదు.

మీ ఒప్పుకోలు లేనిదే ఈసారి అక్షరం కూడా అచ్చు కాదు. పక్కింటి ఆవిడతో జాగ్రత్త.

ఇట్లు,
త్రికోటేశ్వరరావు

తా.క.: ముళ్ళకంప అనుభవం నాకూ లేకపోలేదు. నేనుండే అద్దె ఇంటికి "ఎక్కువ పిల్లలు గలవారికి ఇవ్వబడదు" అని బోర్డు ఉండేది. మాకు ఐదుగురు. నలుగురని చెప్పి చేరాను. చివరివాణ్ణి చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది కొడుకని చెబుతున్నాను. వాడు వచ్చి రెండేళ్ళయింది.

•

గురజాల,
28–3–1946

త్రికోటేశ్వరరావు గారికి,

నా పేరు నా ఇంటి గోడ మీద పగులు కాదు, మీరు దాచడానికి. ముందు అది తెలుసుకోండి.

ఇక రెండోది. మీరన్న ముక్క వేయండి. క్రైస్తవులకు మాత్రమే అనే వేయండి. నాలుగు రోజులు ఆలోచించాను. ఎవరో వచ్చి నా గుమ్మంలో నా కులం అడిగే కంటె, నేనే ముందు వాళ్ళను రావద్దనడం మేలు. రోషం నాకు మాత్రం లేదా? ఆ ముక్కతో పాటు ఇవి కూడా చేర్చండి: మిరపకాయల వ్యాపారులకు ఇవ్వబడదు. తాగేవారికి, చుట్ట కాల్చేవారికి ఇవ్వబడదు. గోత్రం అడిగేవారికి ఇవ్వబడదు. రాజుపాలెం వారికి ఏ పరిస్థితిలోనూ ఇవ్వబడదు.

జాగా చాలకపోతే తేళ్ళు తీసేయండి. ఇంక వాటి అవసరం లేదు. నేనే చాలు.

రాహేలు

•

నరసరావుపేట,
2–4–1946

అక్కగారికి, త్రికోటేశ్వరరావు నమస్కరించి వ్రాయునది. అక్కగారు అన్నందుకు కోపం లేకపోతే అలాగే పిలుస్తాను.

మీ ఉత్తరం కంపోజింగుకు పంపాను. అక్షరాలు పేర్చడం సగమయింది. అప్పుడు నేనే లేచి వెళ్ళి ఆపించాను. పన్నెండేళ్ళలో ఆ "మాత్రమే" అన్న మాట ఎన్నిసార్లు వేశానో. ఎన్నడూ చెయ్యి ఆగలేదు. ఈసారి మీరు రాయబట్టి ఆగింది.

ఎందుకంటారా, మీరన్నట్టు వేస్తే మొట్టమొదట గుమ్మం అవతల పడేది మీ మజీద్. తన నోటితో తనే చదవాలి, ఈ ఇంటికి తను తగనని. ఆ తర్వాత మీ వీధిలో సగం మంది. మీ బావి దగ్గర అందరూ, గుమ్మం దగ్గర కొందరూనా? రాజుపాలెం వారికి ఇవ్వబడదన్నారు. గ్లాసు ఖాళీ చేసి లేచిన ఆ కోడలుది కూడా రాజుపాలెమే కదా. ముళ్ళకంప ఎవరినీ గుచ్చదని నేను రాశాను. అబద్ధం. మా చిన్నవాడు ఇంటాయన కనబడితే నన్ను మామయ్యా అని పిలుస్తాడు. మేమే నేర్పాం. మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా మామయ్యా అన్నాడు. ఆ రోజు మాత్రం నాకు గుచ్చుకుంది.

ఇల్లు ఎలాంటిదో చెప్పడం మన పని. కొనేవాడు ఎలాంటివాడో చెప్పడం మన పని కాదు. కొన్నాక ఏం చేయకూడదో మాత్రం చెప్పవచ్చు, అది అందరికీ ఒక్కటే గనక. ఇది చూడండి:

"గురజాలలో మూడు గదుల మిద్దె ఇల్లు అమ్మబడును. నేల నాపరాళ్ళు. వంటిల్లు ఒక మూల కారును. దొడ్లో మంచినీళ్ళ బావి, వీధివారందరు తోడుకొను వాడుక కలదు. దొడ్డి తలుపుకు తాళము వేయరాదు. ఈ షరతుకు ఒప్పుకొని కొనువారు ఎవరైనా సరే. కె. రాహేలు, టీచరు, మిషన్ బడి."

"కొనదలచిన పెద్దమనుషులు" అన్నది మా ఎడిటరు గారు కొట్టేశారు. ఎవరైనా అన్నాక మళ్ళీ పెద్దమనుషులేమిటయ్యా, జాగా దండగ అన్నారు.

మీ తమ్ముడు,
త్రికోటేశ్వరరావు

తా.క.: ఇంటాయన నిన్న మావాడి ముఖం చూసి, "బావమరిది కొడుక్కి నీ ముక్కు ఎట్టా వచ్చిందయ్యా?" అన్నాడు. జవాబు ఆలోచిస్తున్నాను.

•

(కార్డు)
గురజాల, 6–4–46

తమ్ముడికి ఆశీస్సులు. రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు మజీద్ జాకెట్టు ఇవ్వడానికి వచ్చాడు. అతని ముఖం చూసి నీ మాట ఒప్పుకున్నాను. వేయి. అయితే తేళ్ళు తీసేశావు. కోపంలో అన్న మాట పట్టుకోకు. తెలియక కుట్టించుకుంటే పాపం నాది. తేళ్ళు ఉంటేనే వేయి. – రాహేలు

•

(కార్డు)
నరసరావుపేట, 9–4–46

అక్కగారికి నమస్కారం. "ఎండలలో తేళ్ళు వచ్చును" చేర్చాను. పెద్దవి కావన్న మాటకు జాగా చాలలేదు. ఎడిటరు గారు మన ప్రకటన రెండుసార్లు చదివి, మీకేమైనా మతి చెడిందా అని అడిగారు. మీ తరఫున లేదన్నాను. – త్రి.

•

గురజాల,
11–5–1946

తమ్ముడు త్రికోటేశ్వరరావుకు, అక్క రాహేలు వ్రాయునది. ఇక్కడ నేను క్షేమమే, ఇల్లే ఇంకా నా మెడకు వేలాడుతోంది.

మన ప్రకటన వచ్చి నెల కావస్తోంది. ముగ్గురు వచ్చారు. మొదటాయన నాటువైద్యుడు. ఇల్లంతా వెతికి, "తేళ్ళు విడిగా అమ్ముతారా, ఇంటితోనేనా?" అని అడిగాడు. రెండో ఆయన మిద్దె ఎక్కి బిందెడు నీళ్ళు పోయించి, కిందికి వచ్చి మూల చూసి, "నిజమే, కారుతోంది" అన్నాడు. చాలా తృప్తిగా వెళ్ళిపోయాడు. పత్రికవాళ్ళు నిజం రాస్తారా అని పందెం వేసుకున్నాడట.

మూడో అతను నడికుడి నుంచి అబ్రహాము. రైలు గార్డు. మా సంఘంవాడే. భార్య కూడా మంచిది. ఇల్లు నచ్చింది, తేళ్ళు కూడా పరవాలేదన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. లేవబోతూ, "ఒక్కటే టీచరమ్మా, రాత్రి డ్యూటీ చేసొచ్చి పొద్దున పడుకునేవాణ్ణి. గిలక చప్పుడైతే కన్ను మూతపడదు. తలుపుకి తాళం పెట్టుకుంటా, మనోళ్ళం మనం చూసుకుందాం" అన్నాడు. కుదరదన్నాను. మనవాళ్ళకు మాత్రమే అని వేయించి ఉంటే ఇల్లు అతనికే పోయేది, తాళం పడేది. ఆ మాట నీకు చెప్పాలనిపించింది.

ఇప్పుడు మిగిలింది మస్తాన్‌రావు. నిన్న పెద్ద ఇత్తడి తాళం వేలికి తగిలించుకుని వచ్చాడు. మీ నరసరావుపేటలోనే కొన్నాడట. "అక్కా, పేపర్లో ఎవరైనా సరే అన్నావుగా. నేనూ ఆ ఎవరైనాలోకే వస్తాగా" అన్నాడు. షరతు మాటేమిటంటే, "బస్తాలు ఆరుబయట పెట్టి తలుపు తెరిచిపెడితే ఊరికి మిరపకాయలు దానం చేసినట్టేగా. నువ్వైనా ఆలోచించు" అంటాడు. అతను చెడ్డవాడు కాదు. అతని భయం అతనిది. కాని ఈ నెలాఖరుకు నేను పోవాలి. ఖాళీగా వదిలిన ఇంటికి ఎవరి తాళం పడినా అడిగేవాళ్ళుండరు. న్యాయంగా రాసిన మాట పని చేయదేమో తమ్ముడూ. నీ దివ్యభవనానికే జనం బండి కట్టుకుని వచ్చారు. పొద్దున బావి దగ్గరికి వచ్చేవాళ్ళ ముఖాలు చూడలేక బడికి పెందలాడే పోతున్నాను, సెలవులైనా సరే.

అక్క,
రాహేలు

తా.క.: నాగేంద్రమ్మ మళ్ళీ వచ్చింది. చివరి ముక్క చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. మూడోసారి కూడా చదివించుకుని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. మొగుడికి అప్పజెప్పడానికి కంఠస్థం చేస్తోంది కాబోలు.

•

నరసరావుపేట,
15–5–1946

అక్కగారికి, త్రికోటేశ్వరరావు నమస్కారములు.

మీ ఉత్తరం చూసి సిగ్గుపడ్డాను. మిమ్మల్ని ఒప్పించింది నేనే. మాట నిజాయితీగా ఉంటే చాలు, దారి అదే చూసుకుంటుందనుకున్నాను. చూసుకోలేదు. మళ్ళీ వారం ఉచితంగా వేస్తాను. తేళ్ళు తీసేద్దాం. మీకిష్టమైతే ఒక్కచోట, ఒక్కటంటే ఒక్కచోట, "చక్కని" అన్న మాట వాడుకుంటాను. అబద్ధం కాదు కదా.

ఆ నాగేంద్రమ్మను మాత్రం ఇక గుమ్మం తొక్కనివ్వకండి. మీరు పోయే రోజు ఎప్పుడో, ఎవరు ఎంత అడిగారో కూపీ లాగుతోంది. వ్యాపారి భార్య, ఊరికే మూడుసార్లు వింటుందా? కావాలంటే నేనే వచ్చి మస్తాన్‌రావు గారితో మాట్లాడతాను. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎప్పుడు కదులుతుందో చెప్పలేం గాని, బయల్దేరితే వస్తాను.

మీ తమ్ముడు,
త్రికోటేశ్వరరావు

తా.క.: ఇంటాయన దగ్గరికి నేనే వెళ్ళి, అయ్యా మాకు నలుగురు కాదు ఐదుగురు అని చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోయి, "ఐదుగురేనా? గోలను బట్టి ఆరుగురనుకున్నానే" అన్నాడు.

•

గురజాల,
27–5–1946

చిరంజీవి తమ్ముడు త్రికోటేశ్వరరావును, అక్క రాహేలు దీవించి వ్రాయునది.

ఇల్లు అమ్ముడుపోయింది. మొన్న శనివారం రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం అయింది. తేళ్ళు తీయనక్కర్లేదు, "చక్కని" దాచుకో, ఇంకెవరికైనా పనికొస్తుంది.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే నాగేంద్రమ్మ వచ్చింది. నువ్వు రాసినట్టే గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. మళ్ళీ చదవమంటావా, మీ ఆయనకు ఇంకా నోటికి రాలేదా అన్నాను. నా నోరు పడిపోను.

"ఆయనకెందుకు టీచరమ్మా, నాకే," అంది. "ఎవరైనా సరే అన్నారుగా. ఎవరైనా అంటే ఆడోళ్ళు గూడానా? ముందుదాంట్లో పెద్దమనుషులని ఉంది, అది మగోళ్ళకేననుకున్నా. రెండోదాంట్లో ఆ మాట లేదు. మూడుసార్లు ఇన్నా. లేదు."

గుమ్మం వదిలి పక్కకు జరిగాను. కూర్చోబెట్టాను. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన మిరప చేను తన పేరుతో ఉందట. దాన్ని తన తమ్ముడికే అమ్మేసింది. ఇంత జరుగుతున్నా మస్తాన్‌రావుకు తెలియదు. ఎందుకమ్మా ఇదంతా, ఆయన కొన్నా నీళ్ళు నీకు ఉంటాయిగా అన్నాను.

"నీళ్ళుంటయి టీచరమ్మా, మనుషులుండరు," అంది. "కాపురానికి వచ్చిన కాణ్ణించి ఇల్లూ, ఈ బావి గట్టూ తప్ప నేనేం చూశా? పొద్దున్నే మజీద్ వాళ్ళ ఆవిడ, మీవాళ్ళ పాలెం హన్నమ్మ, అందరూ ఈడికే వస్తారు. కష్టమో నిష్ఠూరమో ఈడ్నే చెప్పుకుంటాం. ఆయన తాళం ఏస్తే అందరికీ నీళ్ళు పోతయి. నాకు ఊరే పోద్ది."

తమ్ముడూ, కులం అడిగే వాక్యం పెట్టాలా తీయాలా అని మనం ఉత్తరాల్లో కొట్టుకున్నాం. నువ్వు మజీద్‌ను తలుచుకున్నావు, రాజుపాలెం కోడలిని తలుచుకున్నావు. నేను మా నాయనను తలుచుకున్నాను. గోడ అవతల ఉన్న ఈ మనిషిని మాత్రం మనిద్దరిలో ఒక్కరం తలుచుకోలేదు. పైగా గూఢచారి అన్నాం. మనం తెరిచిన తలుపులోంచి మనం అనుకోని మనిషి వచ్చింది. న్యాయంగా రాసిన మాట పని చేయదని రాశాను కదా, ఆ ఉత్తరం చించెయ్యి. ఆ రాత్రి మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. సంతోషమే.

రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాసే ఆయన కళ్ళజోడు పైకెత్తి, "మీ ఆయనేడమ్మా?" అని అడిగాడు. నాగేంద్రమ్మ తొణక్కుండా, "పేపరోళ్ళు ఎవరైనా సరే అని ఏశారండీ. ఆయన గూడా రావాలని ఏయలేదు" అంది. ఆయన ఒకసారి నా వంక చూసి, కలం సిరాలో ముంచి రాశాడు. దొడ్డి తలుపుకు తాళము వేయరాదు అన్న వాక్యం మన ప్రకటనలో ఉన్నది ఉన్నట్టు ఎక్కింది. ఆమె వేలిముద్ర వేసి, సిరా తుడుచుకోకుండా ఆ వేలు చూసుకుంటూ ఇల్లు చేరింది.

ఎల్లుండి ఉదయం రైలుకు పోతున్నాను. రేపు పొద్దున బావి దగ్గర అందరితో కలిసి నా బిందె నేనే తోడుకుంటాను. ఈసారి పెందలాడే బడికి పోను.

నువ్వు ఇక ముందు ఏ ఇంటికి ప్రకటన రాసినా, గోడ అవతల ఎవరున్నారో ఒకసారి తలుచుకో. పిల్లలు ఐదుగురికీ ముద్దులు.

అక్క,
రాహేలు,
ఇకపై వినుకొండ

తా.క.: మస్తాన్‌రావుకు సంగతి ఈ ఉదయం తెలిసింది. గోడ అవతల నుంచి అతని గొంతు వినిపించింది: "ఏమే, పోనీ ముందు గదిలో బస్తాలు పెట్టుకోనిస్తావా?" చూద్దాంలే అంది నాగేంద్రమ్మ. ఇక ఆ ఇత్తడి తాళం దండగ పోలేదు. మధ్యాహ్నానికల్లా పక్కింటి బస్తాలన్నీ మా ముందు గదిలోకి చేర్పించి, ఆ గదికే వేయించింది. తాళంచెవి ఇప్పుడు ఆమె మెడలో, పుస్తెల పక్కనే వేలాడుతోంది. మిరపకాయలు అమ్ముకోవాలంటే మస్తాన్‌రావు ఆమె ఉండే బావి గట్టు దాకా వచ్చి, అందరి ముందూ అడిగి తీసుకోవాలి.